రిఫండ్ కాగితంలో మా బాబు

ఆ మెసేజ్‌లో లింకు లేదు. నా భయం అక్కడ మొదలైంది.

డిసెంబరు నెల, పొద్దున పూట. పిల్లలిద్దరూ బడికి పోయారు. మా ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. డంపర్ మీద ఫోను పట్టుకుంటే ఊరుకోరు కాబట్టి దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి పోతాడు. నేను దాని మోత వింటూ వంట చేసుకుంటాను. లోను కావాలా, లాటరీ తగిలింది, సాయంత్రానికి కరెంటు కట్ చేస్తాం, ఇక్కడ నొక్కండి... అన్నీ ఇట్లాంటివే. మోసం చేసేవాడు ఎప్పుడూ ఏదో ఒకటి నొక్కమంటాడని నాకు బాగా అలవాటైపోయింది.

ఇది ఇన్‌కంటాక్స్ వాళ్ళ మెసేజ్, ఏమీ నొక్కమనలేదు. మా ఆయన పాన్ నంబరులోని కొన్ని అక్షరాలు చూపించి, ఈ సంవత్సరం మీరు అడిగిన రిఫండ్ ఆపి ఉంచాం, మీరు చూపిన తగ్గింపులు సరైనవేనా చూసుకోండి, తప్పులుంటే నెలాఖరులోగా దిద్దుకోండి అని మర్యాదగా చెప్పి ఊరుకుంది. పెనం మీద జొన్నరొట్టె ఉంది. అది మాడిన వాసన ముక్కుకు తగిలేదాకా ఫోను పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

మా క్వార్టర్ల లైన్లో పన్ను రిటర్నులు వేసే పద్ధతి చెప్తే బయటివాళ్ళు నమ్మరు. ఎండలు తగ్గాక ఒక ఆదివారం 'రిఫండ్ సార్' వస్తాడు. ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలవరు. మా పక్క క్వార్టర్ కాకా ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో క్యారీబ్యాగు పోతుంది. అందులో కంపెనీ ఇచ్చిన ఫారం పదహారు, పాన్, పాస్‌బుక్కు, ఇంటిల్లిపాది ఆధార్ జిరాక్సులు. జీతం లెక్కకు చిన్నపిల్లల ఆధార్ ఎందుకని ఎవరూ అడగలేదు. రేషన్‌కూ బడికీ దవాఖానకూ అందరివీ అడుగుతారు గదా, ఇదీ అంతే అనుకున్నాం. ఒక ఇంటివాళ్ళు చాయ్ ఇస్తారు, ఇంకో ఇంటివాళ్ళు పోహా పెడతారు. ముందు పైసా తీసుకోడు. రిఫండ్ పడ్డాక అందులో వాటా తీసుకుంటాడు. పడకపోతే ఏమీ వద్దంటాడు. అందుకే లైన్లో అందరికీ ఆయన మంచివాడు.

రిఫండ్లు పడే రోజుల్లో నల్లా దగ్గర మాటలు వేరేగా ఉండేవి. "మీ ఆయనకు గంతేనా? మా ఆయనకు చూడు, జీతంల కోసిన పన్ను మొత్తం వాపస్ వచ్చింది. మీ ఆయన సార్‌కు చాయ్ పొయ్యలేదా ఏంది?" అని ఎగతాళి చేసుకునేవాళ్ళు. పోయిన సంవత్సరం మాకూ మొత్తం వాపస్ వచ్చింది. ఆ డబ్బుతోనే ఏసీ కొన్నాం. చంద్రపూర్ మే నెలలో రాత్రి పన్నెండైనా గోడలు పెనంలా కాలుతుంటాయి. ఆ ఎండాకాలం మొదటిసారి పిల్లలు చెమటకాయలు లేకుండా పడుకున్నారు. చలికాలం కదా, ఇప్పుడు ఏసీకి నా పాత చీర చుట్టి పెట్టాం. ఆ పొద్దున దానివైపు చూస్తే గోడకు ఎవరో ముసుగేసుకుని ఆనుకున్నట్టు అనిపించింది.

రిఫండ్ సార్‌కు ఫోను చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్. పాస్‌వర్డు ఆయన దగ్గరే ఉంది, మాకెప్పుడూ ఇవ్వలేదు. పన్నుల వెబ్‌సైటు తెరిచి, పాస్‌వర్డు మర్చిపోయాను అన్నచోట నొక్కాను. ఆధార్ ఓటీపీ నా చేతిలోని ఫోనుకే వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఇంత సులువైన తలుపును మేం ఒక్కనాడూ తీసి చూడలేదు. లోపల ఉన్న పేరు మా ఆయనది. ఈమెయిల్ మాత్రం మాది కాదు. ఇంతకుముందు వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరింటికి పోయాయో అప్పుడర్థమైంది.

పెళ్ళికి ముందు నేను ఆసిఫాబాద్‌లో బీకాం చదివాను. జీతంలో నెలనెలా కోసే పన్ను మన పేరు మీద జమ అవుతూ ఉంటుంది. సంవత్సరం ముగిశాక అసలు కట్టాల్సింది ఎంతో లెక్క తేలుతుంది. కోసింది ఎక్కువైతే, ఎక్కువైనంత మేరకు తిరిగి వస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఇచ్చే పన్ను మాఫీ వేరు. అది పన్నును సున్నా దాకా దించి అక్కడే ఆగిపోతుంది, సున్నా దాటి మన చేతిలో ఏమీ పెట్టదు. చేతికి వచ్చేది ముందే మన దగ్గర తీసుకున్నదాంట్లోంచే. మా ఆయన దగ్గర కోసింది మొత్తం తిరిగి వచ్చిందంటే, మేం కట్టాల్సింది సున్నా అని ఎవరో చూపించారన్నమాట. మా ఆయన జీతానికి అది సున్నా కాదు. ఎట్లా సున్నా అయింది?

కిందికి జరుపుతూ చదివాను. మేముండేది కంపెనీ క్వార్టరు. ఆ కాగితంలో మేం నాగపూర్‌లో అద్దెకుంటున్నాం. గణపతి చందాకు వచ్చిన పిల్లల్ని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పి పంపే మా ఆయన, ఆ కాగితంలో ఏదో పార్టీకి పెద్ద విరాళమిచ్చాడు. అక్కడిదాకా నాకు నవ్వే వచ్చింది. భయపడ్డప్పుడు వచ్చే నవ్వు.

తర్వాతి పేజీలో ఇట్లా ఉంది. ఆధారపడినవారు: కొడుకు. వైకల్యం: తీవ్రం. పక్కన మా బాబు ఆధార్ నంబరు.

పొయ్యి కట్టేశానో లేదో గుర్తులేదు. చెప్పులేసుకుని, దొరికిన ఆటో ఎక్కి బడికి పోయాను. అక్కడ ఇంటర్వెల్ గంట కొట్టారు. గేటు ఊచల్లోంచి మా బాబు కోసం వెతికాను. గ్రౌండు మధ్యలో కనిపించాడు. ఒక కాలు వెనక్కి మడిచి ఒంటికాలిమీద గెంతుతున్నాడు.

"కాలు దించురా!" అని నేను అరిచిన అరుపుకు గ్రౌండులో పిల్లలంతా ఆగిపోయారు.

లంగడీ ఆడుతున్నాడు వాడు. ఇక్కడి బళ్ళలో పిల్లలంతా ఆడే ఆటే. ఒంటికాలిమీద గెంతుతూ మిగతావాళ్ళను ముట్టుకోవాలి. రెండో కాలు నెమ్మదిగా కింద పెట్టి, "అమ్మా, నువ్వు పిలిచినవని కాలు పెట్టిన, ఇగ నేను ఔట్!" అని మూతి ముడుచుకున్నాడు. టీచరు పరుగున వచ్చి "కాయ్ ఝాలం, తాయీ?" అంది. ఏమైందని అడుగుతోంది. ఏం చెప్పను? అన్నం డబ్బా తేవడం మర్చిపోయానని చెప్పాను. వాడి డబ్బా వాడి సంచీలోనే ఉంది.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు చేస్తే మా కిటికీలు వణుకుతాయి. ఏళ్ళుగా వింటున్న చప్పుడే. ఆ రోజు మాత్రం ఎవరో తలుపు బాదారని లేచి నిలబడ్డాను. పోలీసులు అనుకున్నాను, కంపెనీ విజిలెన్స్ వాళ్ళు అనుకున్నాను. మా ఆయన ఉద్యోగం మామూలుగా వచ్చింది కాదు. మా మామగారు గనిలో పోతే, ఆయన బదులు కొడుక్కి ఇచ్చిన ఉద్యోగం. దొంగ లెక్క చూపించాడని అది ఊడిపోతే క్వార్టరు పోతుంది, పిల్లల బడి పోతుంది. అంతకంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది. మామగారి ప్రాణానికి బదులుగా వచ్చినదాన్ని మేం ఒక రిఫండ్‌కు పోగొట్టుకున్నవాళ్ళం అవుతాం.

ఆయన షిఫ్టు దిగి వచ్చాక స్నానం కూడా చేయనివ్వలేదు. కనుబొమ్మల మీద బొగ్గు దుమ్ముతోనే కూర్చోబెట్టి చూపించాను. అద్దె చూశాడు, విరాళం చూశాడు.

"గిదంతా సార్ రాసిండా? నేను గీ పార్టీకి ఓటు గూడ ఎయ్యలే."

"ఇంకా కిందికి చూడుండ్రి."

చూశాడు. తర్వాత లేచి, వాకిట్లో బొంగరం తిప్పుతున్న బాబు దగ్గరికి పోయి, వాడి మోకాళ్ళు పట్టి చూసి వచ్చాడు. తను చేసిన పనికి తనకే సిగ్గనిపించిందేమో, "ధూళి ఉంది, దులిపిన" అన్నాడు.

"నెలాఖరులోగా మనమే దిద్దొచ్చట" అన్నాను.

"దిద్దితే ఒప్పుకున్నట్టు గాదా? మన చేత్తోని మనమే రాసిచ్చినట్టు. రేపు ఆఫీసుల పిలిచి, ఏమయ్యా, నీ కొడుకు దివ్యాంగుడని ఎట్ల రాసినవంటే ఏం చెప్పాలె? బాపు నౌకరీ ఇది."

"దిద్దకపోతే పిలవరా?"

"నాకేం తెల్సు? నీకు తెల్సా?"

నాకూ తెలియదు. బీకాంలో లెక్క నేర్పారు గానీ, ఆ లెక్క తప్పితే మనిషిని ఏం చేస్తారో నేర్పలేదు. ఇద్దరం పొద్దుగూకే దాకా ఆ ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఎప్పుడు వచ్చి నిలబడిందో, మా పెద్దపిల్ల వంటగది తలుపు దగ్గర కనిపించింది. "హోంవర్కు చేసుకో పో" అన్నాను. పోయింది. ఏం విన్నదో అప్పుడు ఆలోచించలేదు.

దీపాలు పెట్టే వేళకు కాకా వచ్చాడు. కాకా మా మామగారితో ఒకే గనిలో పనిచేసిన మనిషి. రిఫండ్ సార్‌ను లైనుకు తెచ్చింది ఆయనే. ఆయనకూ అదే మెసేజ్ వచ్చిందట. లైన్లో చాలామందికి వచ్చిందట.

"ఏం పరేషాన్ గాకుండ్రి" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "గిట్లాంటివి మస్తొస్తయి. గమ్మున ఉంటే అవే పోతయి. మన పైసలే కద మనకొచ్చినయి? జీతంల కోసిండ్రు, వాపస్ ఇచ్చిండ్రు. దొంగతనం చేసినమా?"

నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. "కాకా, దర్జీకి నాలుగు మీటర్ల గుడ్డ ఇచ్చినం అనుకో. మూడు మీటర్లు పట్టింది. మిగిలిన మీటరు మనది, వాపస్ తెచ్చుకుంటం. అది రిఫండు. సార్ పోయి, మావాళ్ళు అసలు బట్టలే కుట్టించుకోలేదని చెప్పి నాలుగు మీటర్లూ పట్టుకొచ్చిండు. మూడు మీటర్లు మనవి కావు కదా."

"అబ్బో, బీకాం కోడలు! గవర్నమెంటు అడగకముందే పోయి చేతులు చాపుతదట, బేడీలెయ్యమని." ఆయన మా ఆయన వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వొక్కనివి దిద్దినవనుకో, గాళ్ళు ఏమడుగుతరు? ఎవలు రాసిండ్రు, ఇంకెవలెవలికి రాసిండ్రు అని అడుగుతరు. లైను లైనంత లేస్తది. మీ బాపు శవాన్ని గనిలకెళ్ళి మోసింది ఈ లైనోళ్ళే. యాదిపెట్టుకో."

మా ఆయన తల దించుకున్నాడు. ఆ మాటకు ఎవరైనా తల దించుకోవాల్సిందే. కాకా చెడ్డవాడు కాదు. నా రెండో కాన్పుకు అర్ధరాత్రి ఆటో తెచ్చింది ఆయనే. చాయ్ తాగకుండా పోయాడు. అంత కోపంలోనూ మా గేటు గొళ్ళెం వేసి పోయాడు.

కాసేపటికి వెనక తలుపు చప్పుడైంది. కాకా భార్య. లైన్లో అందరం ఇక్కడి పద్ధతిలో ఆమెను కాకూ అంటాం. కొంగు కింద కాకా ఫోను పట్టుకుని వచ్చింది.

"ఆయన స్నానానికి పోయిండు. నా పేరు మీద ఏమన్న రాసిండేమో జర చూడు బిడ్డా. నా ఆధార్ గూడ తీసుకపోయిండు గా సారు."

కాకా పేరుతో తెరిచాను. అద్దె ఉంది, విరాళం ఉంది. ఆ కింద భార్య వైద్యం ఖర్చు అని ఉంది. జబ్బు పేరు చదివి ఫోను బోర్లా పెట్టాను.

"ఏం రోగమట?"

"కాకూ..."

"చెప్పవే. నాకు లేని రోగం నాకు చెప్పనీకె భయమెందుకు?"

"క్యాన్సర్ అని రాసిండు."

ముందు నవ్వింది. "నాకు మోకాళ్ళ నొప్పులున్నయి, అవి రాయకపోయిండా!" అంది. తర్వాత నవ్వుతూనే గడప మీద కూలబడింది. "ఆయనకు ఎరికేనా ఇది?"

"మాకెవరికీ ఎరుక లేదు కాకూ."

"ఎరిక లేదంటే అయితదా? నా మీద గంత మాట రాస్తుంటే, గా కుర్చీ పక్కనే నిలబడి చాయ్ పోసినగదే నేను." ఫోను కొంగులో చుట్టుకుని లేచింది. "మీరు దిద్దుకోండ్రి. లైనుకు ఏం జెప్పాల్నో నేను జెప్త." చీకట్లో గోడ పట్టుకుని పోయింది.

ఆ తర్వాత వాళ్ళింట్లో మాటలు గట్టిగా వినిపించాయి. ఆమె గొంతే. ఆయన గొంతు వినిపించలేదు.

మా ఆయన ఫోను నా చేతిలో పెట్టాడు. "పైసలు పోతే పోనీ. ముందు గది తీసెయ్" అన్నాడు. 'గది' అంటే ఏదో ఇద్దరికీ తెలుసు.

తీసేశాను. అద్దె తీశాను, విరాళం తీశాను. నిజంగా మావైనవి ఉంచాను. ఆయన పీఎఫ్ ఉంది, ఇన్సూరెన్సు ఉంది, పిల్లల బడి ఫీజు ఉంది. లెక్క మళ్ళీ వేస్తే కోసిన పన్ను కట్టాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే తేలింది. జానెడు గుడ్డ. అది మాత్రం మాదే. పోయిన ఏటిది వేరే. ఏసీ అయిపోయిన ఆ డబ్బుకు వడ్డీ, దానిపైన అదనపు పన్ను వేసి, ఇంకో రిటర్ను పెట్టి కట్టాలి. ఆయన బోనసు రాగానే కట్టేద్దాం అనుకున్నాం.

చివరి బటన్ దగ్గర నా వేలు ఆగిపోయింది. నొక్కితే మా తప్పు మేమే చేతికిచ్చినట్టు. నొక్కకపోతే బాబు పేరు పక్కన ఆ మాట అట్లాగే ఉంటుంది. వాడు పెద్దయ్యాక ఎక్కడో, ఏదో ఆఫీసులో, ఎవరో కంప్యూటర్ చూసి తలెత్తి వాడి కాళ్ళవైపు చూస్తారు. నాకు ఆ చూపు కనిపించింది. మా ఆయన తన వేలు నా వేలి మీద పెట్టాడు. ఇద్దరం కలిసి నొక్కాం.

ఇది రాస్తున్న ఈ రాత్రికి ఇంకా ఎవరూ పిలవలేదు. పోయిన ఏటిది కట్టేశాం. దిద్దినట్టు రసీదు మాత్రం వచ్చింది. గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైతే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. లైన్లో కొందరు దిద్దుకున్నారు, కొందరు నాతో మాట్లాడటం మానేశారు. కాకూ ఎవరితో ఏం మాట్లాడిందో తెలియదు గానీ, కాకా ఒకరోజు ఫోను పట్టుకొచ్చి, ఏమీ అనకుండా నా ముందు పెట్టి, దిద్దడం అయ్యేదాకా గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

మేం బటన్ నొక్కిన మరునాటి పొద్దున సంగతి చెప్పి ఆపుతాను. నాకు నిద్ర లేదు. పెద్దపిల్లకు జడ వేస్తున్నాను. బాబు బూటు ఒకటి వేసుకుని రెండోది వెతుకుతున్నాడు. పిల్ల అద్దంలోంచి నన్ను చూస్తూ మెల్లగా అడిగింది.

"అమ్మా, తమ్ముడు దివ్యాంగుడా?"

రిబ్బను ముడి వేయడం ఆపాను.

"నిన్న పప్పా అన్నడు, నేను విన్న. అయితే తమ్ముడు గూడ బస్సుల ముందు సీట్ల కూసుంటడా? మా క్లాసు పిల్ల కూసుంటది. ఆమె కాలికి ఇనుప పట్టీ ఉంటది. ఆ సీటు ఆమెదే, ఎవరన్న కూసుంటే మావుషి లేపుతది."

మావుషి అంటే వాళ్ళ బడిబస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ. మా పిల్ల గొంతులో భయం లేదు. ఆమెకు అది సీటు సంగతి, అంతే. రోజంతా భయపడింది నేను. ఆ మాట చూడగానే శాపమేదో తగిలినట్టు బడికి ఉరికింది నేను.

బాబును కూడా పిలిచి ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను.

"తమ్మునికి ఏం లేదు. మీ క్లాసు పిల్ల సీటు లాంటిది ఒకటి గవర్నమెంటు దగ్గర ఉంటది. నిజంగా కావల్సినోళ్ళ కోసం పెట్టిన సీటు. ఒకాయన మనకు చెప్పకుండ తమ్ముణ్ణి తీసుకపోయి దాంట్ల కూసోబెట్టిండు. మేం చూసుకోలే. రాత్రి నేను, పప్పా కలిసి తమ్ముణ్ణి లేపినం."

"మరి ఎవరన్న తిడ్తరా?" అన్నాడు బాబు.

"తిట్టొచ్చు. తిడితే మమ్మల్ని తిడ్తరు, నిన్ను గాదు. ఎవరన్న ఇంటికొచ్చి అడిగితే దాక్కోవద్దు. మా అమ్మ లోపలున్నది, పిలుస్త అని చెప్పు."

వాడు తలూపి, రెండో బూటు కోసం మంచం కిందికి దూరాడు.